కూర్చోనివ్వని ప్యాంట్లు

అద్దం ముందు నిలబడ్డ మగవాడిని మించిన వెర్రివాడు ఉండడు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో కటింగ్ మాస్టర్‌గా పనిచేసి, కళ్ళు మసకబారాక కత్తెర పక్కన పెట్టిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను. అద్దం మోజు ఆడవాళ్ళదని లోకం అంటుంది. ఆ లోకం మా ట్రయల్ రూములోకి ఎన్నడూ తొంగి చూడలేదు. కొత్త ప్యాంటు తొడుక్కుని, పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, వెనక్కి తిరిగి, మెడ పట్టేసేదాకా చూసుకుని "ఫస్ట్‌క్లాస్ ఉంది మాస్టర్" అనేవాళ్ళు. ఊపిరి వదలగానే నడుము దగ్గర హుక్కు ఊడేది. అప్పుడు తప్పు మాస్టర్‌ది అయ్యేది.

మా వాడలో టైలరింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గరికి వచ్చారు. "కాకా, బిజినెస్ క్యాజువల్ ప్యాంటు కుట్టాలంటున్నరు. గదేంది?" అని అడిగారు. ఫోనులో బొమ్మలు చూపించారు. నాకు అర్థమైనంతవరకు ఆ ప్యాంటు వేసుకున్నవాడు ఆఫీసుకు వచ్చినట్టూ కనిపించాలి, రానట్టూ కనిపించాలి. మేము దాన్ని డ్యూటీ ప్యాంటు అనేవాళ్ళం. పేరు మారింది, ధర పెరిగింది, వేసుకునేవాడి తెలివి మాత్రం ఉన్నచోటనే ఉంది. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు మాస్టర్‌నయ్యాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను.

టెరికాట్ పిచ్చి

డెబ్భైలలో మా ఊరికి పాలిస్టర్ కలిసిన టెరికాట్ గుడ్డ పిచ్చి పట్టింది. అంతకుముందు ఆఫీసులకు పోయేవాళ్ళు నూలు ప్యాంట్లే వేసుకునేవాళ్ళు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే పొద్దున నిటారుగా ఉండేవి, మధ్యాహ్నానికి నలిగేవి. నలగడం గుడ్డ లక్షణం. పనిచేసే మనిషి ముఖం కూడా మధ్యాహ్నానికి నలుగుతుంది. దానికి ఎవరూ సిగ్గుపడరు. ప్యాంటు నలిగితే మాత్రం పరువు పోయినట్టు బాధపడేవాళ్ళు.

ఆ బాధ మీదనే మా సేటు మేడ కట్టాడు. సేటు అంటే దుకాణం యజమాని నర్సింహులు. గల్లా పెట్టె పక్కన మెత్తటి పరుపు మీద కూర్చుని టెరికాట్ థాను విప్పి, కొసను పిడికిట్లో పట్టి పిసికి, వదిలి చూపించేవాడు.

"జూడున్రి సార్. గింత పిసికినా మడత వడ్డదా? పడలే. ఇగ ఇంట్ల ఇస్త్రీ పెట్టె అమ్ముకోండ్రి."

ఇంతింత చదువుకున్న ఆఫీసర్లు నోళ్ళు తెరుచుకుని ఆ పిడికిలి వంక చూసేవాళ్ళు. వేసుకునేది తొడలకు కదా, పిడికిలికి కాదు కదా అని ఒక్కడికీ తట్టలేదు. ఇంకో సంగతి కూడా ఎవరూ గమనించలేదు. టెరికాట్ అమ్మే మా సేటు ఒంటి మీద ఎప్పుడూ తెల్లటి నూలు ధోతే ఉండేది. ఒక్కరోజు కూడా ఆయన తన సరుకును తాను తొడుక్కోలేదు.

వరంగల్ ఎండలు మీకు చెప్పనక్కరలేదు. మే నెల మధ్యాహ్నం, కిక్కిరిసిన సిటీ బస్సులో, టెరికాట్ ప్యాంటు వేసుకుని హనుమకొండ నుంచి స్టేషన్ దాకా పోవడం ఎలాంటిదో అనుభవించినవాడికే తెలుసు. చెమట బయటికి పోదు, గాలి లోపలికి రాదు. వ్యవసాయ శాఖ ఆఫీసులో పనిచేసే ఒక గుమాస్తా దుకాణానికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మాస్టర్, తొడలు ఒరుసుకపోయి నడవనొస్తలేదు" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే సేటు అందుకున్నాడు. "కొత్తల గట్లనే ఉంటది సార్. పౌడర్ చల్లుకోండ్రి. అలవాటైతది." మనిషికి తగ్గ గుడ్డ అమ్మడం మానేసి, గుడ్డకు తగ్గట్టు మనిషిని అలవాటు చేసే వ్యాపారం అది. ఆ గుమాస్తా కూడా తక్కువవాడు కాదు. పౌడర్ కొనుక్కుని, మళ్ళీ వచ్చి, అదే గుడ్డలో ఇంకో రంగు కుట్టించుకున్నాడు.

గుడ్డ ఎలా చూడాలో చెబుతాను, చెవిన వేసుకోండి. ట్యూబ్‌లైటు కింద రంగు చూడకండి. థాను పట్టుకుని రోడ్డు మీదికి రండి. సేటు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. దుకాణంలో బూడిద రంగుగా కనిపించింది బయట ఆకుపచ్చగా తేలడం నేను చాలాసార్లు చూశాను. గుడ్డను రెండు చేతుల మధ్య గట్టిగా రుద్దండి. తెల్లటి పొడి రాలితే మీరు కొంటున్నది గంజి, ఒక్క ఉతుకుకు అది మురికి కాలువలో కలుస్తుంది. గుడ్డను వెలుగుకు అడ్డం పట్టండి. అవతల మనిషి ముక్కూ కళ్ళూ కనిపిస్తే అది చొక్కాకు పనికొస్తుంది, ప్యాంటుకు కాదు. అన్నిటికంటే ముఖ్యం, గుడ్డను మోకాలి మీద పరిచి మోకాలు వంచి చూడండి. అక్కడ బిర్రుగా పట్టేసే గుడ్డతో ఆఫీసు ప్యాంటు కుట్టవద్దు. నూలు గుడ్డయితే నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టండి. నానబెట్టే ఓపిక లేని మాస్టర్లు కుట్టిన ప్యాంట్లు మొదటి ఉతుకుకే మడమల పైకి ఎక్కేవి. అడిగితే "మీరే ఎత్తు పెరిగిన్రు సార్" అనే మొనగాళ్ళు కూడా మా బజారులో ఉండేవాళ్ళు.

పెళ్ళిలో పెట్టిన ముక్కలు

ప్యాంటు గుడ్డ ఎంచుకోవడం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా దగ్గర సగం మంది మగవాళ్ళు జన్మలో ఒక్కసారి కూడా తమ ప్యాంటు గుడ్డ తాము ఎంచుకోలేదు. పెళ్ళిళ్ళలో చుట్టాలకు బట్టలు పెట్టాలి కదా. పెళ్ళివాళ్ళు వచ్చి "మగోళ్ళకు పెట్టాలె సేటూ, మంచియి కట్టు" అనేవాళ్ళు. సేటు ఏడాదిగా అమ్ముడుపోని థానులన్నీ కిందికి దించేవాడు. బక్కవాడికీ బలిసినవాడికీ, ఆరడుగులవాడికీ పొట్టివాడికీ ఒకే కొలత ముక్క. దాన్ని రంగు కాగితంలో చుట్టి, బొట్టు పెట్టి చేతికి ఇస్తే కాదనే మగవాడు లేడు.

తహసీల్ ఆఫీసు క్లర్కు ఒకాయన వంకాయ రంగు ముక్క తెచ్చాడు. మెరుస్తోంది కూడా. "సార్, గిది ఆఫీసుకు ఎట్ల ఏసుకపోతరు?" అన్నాను.

"బామ్మర్ది పెట్టిండు మాస్టర్. కుట్టియ్యకపోతే ఇంట్ల లొల్లి."

అందులోనూ ఆయన భారీ మనిషి, ముక్కేమో చిన్నది. నడుము పట్టీకి లోపలివైపు వేరే గుడ్డ అతికి ఎలాగో కుట్టాను. ఆయన దాన్ని రెండు వారాలు ఆఫీసుకు వేసుకుపోయాడు. పై ఆఫీసరు పిలిచి, బ్యాండుమేళంలో కూడా పనిచేస్తున్నావా అని అడిగాడట. అదీ మన బిజినెస్ క్యాజువల్. తెలివైన ఇల్లాళ్ళు మాత్రం ఆ ముక్కలను కుట్టించకుండా పెట్టెలో దాచి, ఇంకో పెళ్ళిలో ఇంకొకరికి పెట్టేవాళ్ళు. కొన్ని ముక్కలు ఊళ్ళు తిరిగి, మడతల దగ్గర రంగు వెలిసి, చివరికి మా దుకాణానికే కుట్టడానికి వచ్చేవి. సేటు వాటిని గుర్తుపట్టి కూడా "బగ్గ మంచి మాల్ సార్, యాడ దొరికింది?" అని అడిగేవాడు.

ఒక్కటే కటింగ్

తర్వాత బెల్‌బాటమ్ వచ్చింది. తొడల దగ్గర, మోకాళ్ళ దగ్గర అంటుకుపోయి, కింద మోరీ గొడుగులా విచ్చుకునే ప్యాంటు. మోరీ అంటే ప్యాంటు కింది వెడల్పు. కాలేజీ కుర్రాళ్ళు వేసుకుంటే వయసు అనుకోవచ్చు. నెత్తి మీద వెంట్రుకలు ఊడిన హెడ్ క్లర్కులు, బ్యాంకు ఆఫీసర్లు, ఇంటి దగ్గర పెళ్ళీడు పిల్లలున్న తండ్రులు వచ్చి "మాస్టర్, తొడల కాడ ఇంకా జర టైట్" అనేవాళ్ళు. వాళ్ళ మోరీలతో హనుమకొండ రోడ్లన్నీ శుభ్రపడ్డాయి. మున్సిపాలిటీవాళ్ళు ఊడ్చేదానికంటే అదే నయం.

కూర్చోవడం అనే సంగతి ఆ ప్యాంట్లకు తెలియదు. ఆఫీసులో పొద్దంతా కుర్చీలో ఉండేవాడు నిలబడ్డప్పుడు మాత్రమే బాగుండే ప్యాంటు కుట్టించుకునేవాడు. దుకాణంలో అద్దం ముందు కొద్దిసేపు నిలబడడం కోసం ఆఫీసులో రోజంతా నరకం. నేను ఒకసారి సేటుతో అన్నాను, తొడల దగ్గర కొంచెం వదులుగా, కిందిదాకా తిన్నగా దిగే కటింగు కూడా పెడదామని.

"ఎందుకు? ముసలోళ్ళ దుకాణం అని పేరు రావాల్నా?" అన్నాడు సేటు, తన ధోతి సర్దుకుంటూ. "మన దుకాణంల ఒక్కటే కటింగ్. బోర్డు మీద బొమ్మ ఎట్లున్నదో గట్ల."

బోర్డు మీద బొమ్మ నిలబడే ఉంటుంది. దాన్ని కూర్చోమని అడిగేవాడు లేడు. ఎనభైలలో బ్యాగీలు వచ్చి, నడుము దగ్గర కుచ్చుల మీద కుచ్చులు పెట్టించుకునే రోజుల్లో, అదే సేటు అదే బోర్డుకు కొత్త బొమ్మ వేయించి, బెల్‌బాటమ్ వేసుకున్నవాళ్ళను చూసి పళ్ళు ఇకిలించాడు. సిగ్గు అనేది వ్యాపారానికి అడ్డమని ఆయన ఎప్పుడో తెలుసుకున్నాడు.

కాలేజీ ఆర్డరు

బెల్‌బాటమ్ జోరుగా ఉన్న రోజుల్లోనే ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ కాలేజీ నడిపే కరస్పాండెంట్ మా సేటుకు దోస్తు. హైదరాబాద్ నుంచి తనిఖీ కమిటీ రాబోతోంది. లెక్చరర్లందరూ ఒకే రంగు టెరికాట్ బెల్‌బాటమ్ వేసుకుని, చొక్కా టక్ చేసుకుని కనిపించాలని ఆయన హుకుం. వాళ్ళలో చాలామంది టెంపరరీ ఉద్యోగులు. కమిటీ వచ్చిపోయాక కొందరిని పర్మనెంట్ చేస్తామని, అందులో "స్మార్ట్‌గా ఉన్నోళ్ళకే" చోటని ఆయన ముందే చెప్పేశాడు. పాఠం బాగా చెప్పేవాళ్ళకు అనలేదు, గమనించండి.

లెక్చరర్లు ఒక్కొక్కరే కొలతలకు వచ్చారు. అందులో లెక్కల లెక్చరర్ సమ్మయ్య సార్ ఒకాయన. ములుగు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. తొడ నుంచి బూటు దాకా రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు. మోకాలి దగ్గర కడ్డీలకు కీలు ఉంటుంది. నిలబడగానే రెండు రింగులు ఆ కీలు మీదికి జారి బిగుసుకుంటాయి, కాలు వంగదు. కూర్చోవాలంటే ఆ రింగులను పైకి లాగాలి. అప్పుడే మోకాలు వంగుతుంది.

ఆయన రాకముందే సేటు నాకు చెవిలో చెప్పాడు. "గా కుంటి సార్‌కు మోరీ ఇంకింత పెద్దగ పెట్టు. బూటు, ఇనుము ఏం కనవడొద్దని కరస్పాండెంట్ మరీ మరీ చెప్పిండు."

నేను అందరినీ కొలిచినట్టే ఆయనను కూడా అద్దం ముందు నిలబెట్టి టేపు తీశాను. నడుము అయింది, పొడవు అయింది, మోకాలి దగ్గరికి వంగాను. ఆయన నా చేతిలో టేపు పట్టుకుని ఆపాడు.

"మాస్టర్, మీరు గూడ నిలవెట్టే కొలుస్తాన్రా?"

"మరెట్ల కొలవాలె సార్? అందర్ని గట్లనే కొలుస్తం."

"నేను నిలవడెటందుకు ప్యాంటు అక్కరలేదు. దానికి ఇనుము ఉన్నది. నాకు కూసునేటందుకు ప్యాంటు కావాలె." ఆయన గొంతులో బతిమాలడం ఏమీ లేదు. తప్పు లెక్క చేసిన పిల్లవాడిని మందలించినట్టు ఉంది. "ఈ ఊళ్ళె ఉన్న దర్జీలందరి తాన కుట్టిచ్చిన. అందరు నిలవెట్టి కొలిచిన్రు. మోకాలి కాడ బిర్రుగ పడుతది, రింగు పైకి రాదు. రింగు రాకపోతే నేను కూసోలేను. నలుగుట్ల ప్యాంటు పైకి గుంజుకొని ఇనుముతోని కుస్తీ పట్టుడు నాకు ఇష్టం లేదు. గందుకే నిలవడుత. క్లాసుల నిలవడుత, స్టాఫ్ రూముల నిలవడుత, బస్సుల ఎవలన్న సీటిచ్చినా నిలవడుత. పిల్లను సూడ వోయిన కాడ గూడ నిలవడ్డ. పోరడు కూసోకుంటనే పోతాండు, పొగరు బాగుందని వాళ్ళు వద్దన్నరు."

చివరి మాటకు ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళు నేను వెక్కిరించిన అద్దం ముందు మనుషులను తయారుచేసింది మా టేపులే అని అప్పుడు తట్టింది. కూర్చుని బతికే మనుషులను నిలబెట్టి కొలవడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మేమంతా ఆలోచించకుండా అదే చేస్తున్నాం.

స్టూలు లాగి వేశాను. ఆయన అద్దానికి వీపు తిప్పి, ప్యాంటు కాలు పైకి గుంజి, రింగులు లాగి కూర్చున్నాడు. కూర్చున్న మనిషిని కొలిస్తే కొలతలన్నీ మారిపోయాయి. వెనక ఆసనం దగ్గర గుడ్డ ఎక్కువ కావాలి. మోకాలి చుట్టూ చెయ్యి ఆడేంత వదులు కావాలి. ఇక టెరికాట్ ముక్క తీసి ఆయన మోకాలి మీద వేసి, "గుడ్డ మీది నుంచి రింగు పట్టండ్రి సార్" అన్నాను. పట్టాడు, జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. మడత పడని గుడ్డ వేళ్ళకు పట్టు కూడా ఇవ్వదు. పై అరలో ఎవరూ అడగక దుమ్ముపట్టిన బూడిద రంగు దళసరి కాటన్ డ్రిల్లు థాను ఉంది. దాన్ని దించి వేశాను. మొదటిసారికే రింగు పైకి వచ్చింది.

"గిది కావాలె" అన్నాడాయన.

సేటు పరుపు మీది నుంచి లేచి వచ్చాడు. ఆయన లేవడమే అరుదు. "గదెట్ల సార్? అందరిది ఒక తీరు, మీదొక తీరా? కరస్పాండెంట్ నన్ను తిడుతడు. అయినా మీరు నిలవడెటోళ్ళే గద, నిలవడెటోళ్ళకు ఏ ప్యాంటయితేంది?"

సమ్మయ్య సార్ ఆయనను కిందినుంచి పైదాకా చూశాడు. "సేటూ, కాలు నాది, పైసలు నావి. మీ టెరికాట్ ముక్క మీ తాన్నే ఉంచుకోండ్రి. దుకాణానికి పరదా కుట్టిచ్చుకోండ్రి, ఎండ కూడ లోపటికి రాదు."

పైసలు అన్న మాట వినగానే సేటు చల్లబడ్డాడు. కరస్పాండెంట్ తిట్లు రేపటివి, డ్రిల్లు బేరం ఇప్పటిది.

కమిటీ వచ్చిన రోజు

ప్యాంట్లు కాలేజీకి చేరింది కమిటీ వచ్చే రోజు పొద్దున. సేటు నా చేతికి సూదీ దారమూ ఇచ్చి, "హుక్కులు గిక్కులు ఊడితే జూసుకో" అని నన్ను కూడా పంపించాడు. తన దుకాణం కుట్టు మీద ఆయనకున్న నమ్మకం అది. అందుకే జరిగింది నేను కళ్ళారా చూశాను.

లైబ్రరీ హాలులో కుర్చీలు వేశారు. కమిటీ రాకముందు కరస్పాండెంట్ లెక్చరర్లను వరుసగా నిలబెట్టి తనిఖీ చేశాడు. అందరూ ఒకే బూడిద రంగు, ఒకే బిర్రు, ఒకే మెరుపు. సమ్మయ్య సార్ ముందు ఆగాడు. ప్యాంటు చూశాడు, ముఖం చిట్లించాడు. తిట్టడానికి టైము లేదు, బయట కారు వచ్చిన చప్పుడైంది.

"నువ్వు గా కిటికీ కాడ బీరువ పక్కకు నిలవడు" అన్నాడు. "వాళ్ళున్నంత సేపు కూసోకు. కూసునేటప్పుడు, లేసేటప్పుడు టకటక చప్పుడైతది. అసయ్యంగ ఉంటది. పర్మనెంట్ కావాల్నా వద్దా?"

నేను వరండాలో కిటికీ అవతలే ఉన్నాను. సమ్మయ్య సార్ ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. బీరువా పక్కకు పోయి నిలబడ్డాడు. ఆయనకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. ఊళ్ళో తల్లి కూలికి పోతుంది. కడ్డీల కాలుతో ఆయన చేయగలిగిన పని పాఠం చెప్పడమే, చెప్పడానికి దొరికిన చోటు అదే. మంచి గుడ్డ ఎంచి, మనసు పెట్టి కుట్టింది ఇలా బీరువా పక్కన నిలబడడానికా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. అందులో పెద్దాయన మంచి మనిషిలా ఉన్నాడు. అందరూ లేచి నిలబడి ఉండడం చూసి, "అరే, కూర్చోండి, కూర్చోండి. అందరూ కూర్చుంటే మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇక చూడాలి. టెరికాట్ వీరులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కొందరు కుర్చీ అంచు మీద పిట్టల్లా వాలారు. కొందరు కాళ్ళు బారచాపి, కుర్చీలో పడుకున్నారో కూర్చున్నారో తెలియకుండా ఉన్నారు. చరిత్ర చెప్పే లెక్చరర్ కొంచెం బొద్దుగా ఉంటాడు. ఆయన ధైర్యం చేసి నిండుగా కూర్చున్నాడు. పర్రుమని హాలంతా వినిపించింది. ఆయన ముఖంలో రంగు పోయింది. లేవలేడు, కూర్చోలేడు. కరస్పాండెంట్ గట్టిగా దగ్గాడు, ఏదో ఆ దగ్గుతో కుట్టు మళ్ళీ అతుక్కుంటుందన్నట్టు.

అప్పుడు కిటికీ దగ్గరి నుంచి టక్కు టక్కుమని నడక వినిపించింది. సమ్మయ్య సార్ బీరువా వదిలి వస్తున్నాడు. కరస్పాండెంట్ కళ్ళతో వద్దు వద్దంటున్నాడు. ఆయన అటు చూడనేలేదు. ముందు వరుసలో ఖాళీ కుర్చీ ముందు ఆగి, చెయ్యి మోకాలి మీదికి పోనిచ్చి, గుడ్డతో సహా రింగులు పట్టి పైకి లాగాడు. చప్పుడైంది. అందరికీ వినిపించేంత చప్పుడే. ఆ చప్పుడుతో పాటే మోకాలు వంగింది. వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఎక్కడా గుడ్డ పట్టలేదు, ఎక్కడా కుట్టు లాగలేదు. కమిటీ పెద్దాయన ఆయన వైపు తిరిగి లెక్కల పాఠాల గురించి ఏదో అడిగితే ఆనుకున్న చోటి నుంచే నిమ్మళంగా జవాబులు చెప్పాడు. ఆ హాలులో ఒళ్ళు మరచి మాట్లాడింది ఆయన ఒక్కడే. మిగతావాళ్ళ ధ్యాసంతా కుట్ల మీదనే.

కమిటీ పోయాక చరిత్ర సార్‌ను ఆ బీరువా వెనక్కే తీసుకుపోయి కుట్టు వేశాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. టైట్ కావాలన్నది ఆయనే అన్న సంగతి నేనూ గుర్తుచేయలేదు. చేతిలో సూది ఉంది కదా, అదే చాలు.

తర్వాత

కొన్నాళ్ళకు పర్మనెంట్ అయినవాళ్ళ పేర్లు తెలిశాయి. సమ్మయ్య సార్ పేరుంది. ఆయన దుకాణానికి వచ్చిన రోజు నేను పొంగిపోయాను. సేటు వినేటట్టు, "చూసిన్రా సార్, మన ప్యాంటు పనిచేసింది" అన్నాను. మాస్టర్లకు కూడా అద్దం పిచ్చి ఉంటుంది. కాకపోతే మేము కస్టమర్‌లో మా ముఖం చూసుకుంటాం.

ఆయన ఒక్క మాటతో నా గాలి తీసేశాడు. "ప్యాంటు జూసి ఎవలిత్తరు మాస్టర్? నా తావుల ఇంకొకన్ని పెట్టాలని కరస్పాండెంట్ ఊరంత తిరిగిండు. గంత తక్కువ జీతానికి లెక్కలు చెప్పెటోడు దొరకలే. గందుకే ఇచ్చిండు."

సేటు కిసుక్కుమన్నాడు. నాకు చిన్నతనమైంది. కొంచెం కోపంగానే, "మరి గీ కష్టమంత దేనికి సార్?" అన్నాను.

ఆయన స్టూలు తనే లాక్కుని, రింగులు ఎత్తి కూర్చున్నాడు. అప్పుడు తల్లి సంగతి చెప్పాడు.

"రోజు నేను ఇంటికి పోంగనే మా అవ్వ నూనె గిన్నె పట్టుకొని వస్తది. పొద్దంత నిలవడి నిలవడి నడుము, మంచి కాలు కొయ్య లెక్కయితయి. ఆమె కూలికి పోయొచ్చి, మల్ల నా కాలు పిసుకుతది. చిన్నప్పటి సంది గదే కథ. నేను వద్దన్నా ఇనదు. మీ ప్యాంటు ఏసుకున్నంక క్లాసుల గూడ కూసుంటాన మాస్టర్. ఒకనాడు ఇంటికి పోయి బువ్వ తిని పుస్తకం పట్టుకున్న. అవ్వ నూనె గిన్నె పట్టుకొని గడప కాన్నే నిలవడ్డది. 'ఏంది కొడుకా, ఇయ్యాల కాలు నొస్తలేదా?' అన్నది. లేదే అన్న. గా గిన్నె కింద పెట్టి, ఆమె కూసొని తన కాళ్ళకు రాసుకున్నది."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని టేపు వెతికినట్టు నటించాను. అది నా మెడలోనే ఉంది. సేటు కూడా చూసే ఉంటాడు, కానీ ఆ ఒక్కరోజు వెక్కిరించకుండా గల్లా పెట్టె సర్దుకున్నాడు.

పిల్లలూ, ఫోనులో మీరు చూపించిన బొమ్మలన్నీ నిలబడే ఉన్నాయి. మీ దగ్గరికి వచ్చే మనుషులు పొద్దంతా కూర్చుని పనిచేసి, సాయంత్రం ఇంటికి పోయేవాళ్ళు. ఆ ఇంట్లో వాళ్ళ ఒళ్ళు నొప్పిని ఎవరో ఒకరు తమ చేతులతో మోస్తూ ఉంటారు. కొలత తీసేటప్పుడు ఆ చేతులను కూడా లెక్కలో పెట్టుకోండి.